డబల్స్‌లో ఎత్తు ఎక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు: బెల్టా, వేరియేటరా, క్లచ్చా?

మారతహళ్లి_అనంత
ఉండేది: మారతహళ్లి, బెంగళూరు. సొంతూరు: అనంతపురం

అందరికీ నమస్కారం. నాది 110 సీసీ స్కూటర్. ఏడేళ్ల బండి, 31 వేల కిలోమీటర్లు దాటింది. ఆఫీసు, పాప స్కూలు, కూరగాయలు, అన్నీ దీని మీదే. కొన్నాళ్లుగా మూడు సమస్యలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి.

సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు బండి మొత్తం వణుకుతుంది. పదిహేను, ఇరవై దాటాక వణుకు పోతుంది. వెనక మా ఆవిడ కూర్చుంటే మరీ ఎక్కువ. రెండోది, హెబ్బాళ ఫ్లైఓవర్ లాంటి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ శబ్దం పెరుగుతుంది గానీ వేగం పెరగదు. ఒకప్పుడు 75 దాకా హాయిగా వెళ్లేది, ఇప్పుడు 60 దగ్గరే ఆగిపోతుంది. మూడోది, ఐడ్లింగ్‌లో ఎడమవైపు నుంచి టకటకమని చప్పుడు. కొంచెం రేజ్ చేస్తే ఆగిపోతుంది.

ఇంజన్ తిరుగుడుని వెనక్కి అందించే బెల్టు 24 వేల కిలోమీటర్ల దగ్గర మా వీధి షాపులో మార్పించాను. ఇప్పుడు అదే షాపులో చూపిస్తే కవర్ కూడా విప్పకుండా "వేరియేటర్, క్లచ్, బెల్టు మొత్తం సెట్ పోయింది, అన్నీ మార్చాలి" అన్నాడు. అన్నీ మార్చే ముందు అసలు ఏది పోయిందో తెలుసుకోవాలని ఉంది. మొన్న చిత్తూరు నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్‌లో డబల్స్ మీద ముప్పై దాటలేదు, వెనక లారీల హారన్లు. చాలా టెన్షన్ పడ్డాను. తెలిసినవాళ్లు చెప్పండి.

బనశంకరి_స్పానర్
ఉండేది: బనశంకరి. సొంతూరు: మదనపల్లె

అన్నా, నేను చిన్న గ్యారేజీ నడుపుతాను. రోజూ చూసే కేసే ఇది. మీరు చెప్పిన మూడూ ఒకే రోగం కాకపోవచ్చు, దేనికది విడిగా చూడాలి. సెట్ మొత్తం మార్చేస్తే అందులో ఎక్కడో అసలు రోగం కూడా పోతుంది, కాబట్టి షాపువాళ్లకు అది సులువు. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

కదిలేటప్పుడు వచ్చే వణుకు దాదాపు ఎప్పుడూ క్లచ్ దగ్గరిదే. బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు కూడా బెల్టు తిరుగుతూనే ఉంటుంది, దానితో పాటు వెనక పుల్లీ కూడా. చక్రానికి మాత్రం ఆ తిరుగుడు అందదు. మీరు రేజ్ ఇవ్వగానే వెనక పుల్లీ వేగం పెరిగి, దానికి బిగించిన క్లచ్ షూలు బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెలాంటి బెల్ లోపలి గోడను పట్టుకుంటాయి. ఆ పట్టు ఒక్కసారిగా కుదరకుండా పట్టి జారి, పట్టి జారి అయితే అదే మీకు వణుకులా తెలుస్తుంది. పూర్తిగా పట్టేశాక వణకడానికి ఏమీ ఉండదు. ఇరవై దాటాక పోతోంది అన్నారు కాబట్టి అనుమానం షూల మీద, బెల్ మీద.

ఇంజన్ అరుస్తూ వేగం రాకపోవడానికి కారణాలు చాలా. బెల్టు అరిగి సన్నబడి ఉండొచ్చు. సీల్ లీకై బెల్టుకి ఆయిల్ తగులుతుండొచ్చు. ఇంజన్ వైపున్న ముందు పుల్లీ, అదే వేరియేటర్, దాని లోపలి రోలర్లు ఒకవైపు చదునుగా అరిగి ఉండొచ్చు. క్లచ్ జారుతుండొచ్చు. విప్పకుండా చెప్పలేం.

ఐడ్లింగ్‌లో టకటక, రేజ్ చేస్తే ఆగడం అంటే ఆ వేరియేటర్ లోపల ఏదో వదులు. అందులో స్లయిడర్లనే చిన్న ప్లాస్టిక్ ముక్కలు చూడాలి.

ఇవి చెప్పండి: గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? వెనక రిమ్ మీద, టైరు లోపలివైపు ఆయిల్ మరక ఉందా? సెంటర్ స్టాండ్ వేసి ఐడ్లింగ్‌లో పెడితే వెనక చక్రం తిరుగుతోందా? తిరుగుతుంటే బ్రేకు పట్టి వదిలి చూడండి, మళ్లీ తిరుగుతుందా, ఆగే ఉంటుందా?

నల్లగొండ_రైడర్
ఉండేది: బీటీఎం లేఅవుట్

బ్రో, రోలర్లు తేలికవి వేయించు. నా 125కి అలాగే చేశాను, నంది హిల్స్ డబల్స్‌లో ఎక్కుతుంటే తేడా స్పష్టంగా తెలిసింది. పికప్ వేరే లెవెల్.

టూల్‌కిట్_అక్క
ఉండేది: కేఆర్ పురం. సొంతూరు: నెల్లూరు

నల్లగొండ తమ్ముడూ, నీ బండికి అది పనిచేసి ఉండొచ్చు. బండి బాగున్నప్పుడు చేసుకునే మార్పు అది. జబ్బు ఉన్న బండికి రోలర్లు తేలిక చేస్తే జబ్బు కనబడకుండా పోతుంది, ఇంజన్ ఇంకా అరుస్తుంది.

ఎందుకో చెబుతాను. ముందు పుల్లీలో రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి కదలదు, ఇంకోటి జరుగుతుంది. జరిగే ముఖం వెనక ఏటవాలు గాడుల్లో ఆరు రోలర్లు. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుంటాయి, ఆ ఏటవాలు వల్ల జరిగే ముఖాన్ని బెల్టు వైపు తోస్తాయి. మధ్యలో బెల్టు నలిగి పైకి, అంటే పుల్లీ అంచువైపు ఎక్కుతుంది. బెల్టు పొడవు మారదు కదా, అందుకే వెనక పుల్లీ స్ప్రింగును నొక్కుకుంటూ తెరుచుకుని బెల్టు అక్కడ లోపలికి దిగుతుంది. గేరు బండిలో మనం కాలితో మార్చే పని ఇక్కడ రోలర్ల బరువుకీ వెనక స్ప్రింగుకీ మధ్య జరిగే తోపులాట చేస్తుంది. రోలర్ తేలికైతే అదే తోపు రావడానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి. కాబట్టి ఎత్తు మీద పికప్ బాగుంటుంది, మామూలు రోడ్డు మీద శబ్దం, పెట్రోలు ఖర్చు పెరుగుతాయి. బరువైన రోలర్ అయితే దీనికి ఎదురు.

అనంత గారి బండి ఒకప్పుడు అవే రోలర్లతో 75 వెళ్లింది. అంటే కంపెనీ బరువు సరిపోయింది. ఇప్పుడు పాడైంది వేరే ఏదో. ముందు అది దొరకాలి.

మారతహళ్లి_అనంత

అందరికీ థాంక్స్. గేర్ ఆయిల్ పోయిన సర్వీసులో మార్చారు. రిమ్ మీద మరక ఏమీ లేదు. స్టాండ్ మీద చక్రం నెమ్మదిగా తిరుగుతోంది, బ్రేకు పట్టి వదిలితే ఆగే ఉంటోంది. ఎడమవైపు కవర్ మనమే విప్పుకోవచ్చా? మా ఫ్రెండ్ దగ్గర సాకెట్ సెట్ ఉంది.

బనశంకరి_స్పానర్

బ్రేకు వదిలాక ఆగే ఉంటే మంచిదే. బేరింగు గ్రీజు ఒరిపిడికి చక్రం కొంచెం తిరగడం మామూలే. ఆగకుండా బలంగా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగులు సాగాయనో, ఐడ్లింగ్ ఎక్కువ పెట్టారనో అర్థం. మీకు ఆ గొడవ లేదు.

కవర్ విప్పి చూడడానికి భయం అక్కర్లేదు. కొన్ని బండ్లలో కిక్ మెకానిజం ఆ కవర్‌లోనే ఉంటుంది కాబట్టి కిక్ రాడ్ తీసి, బోల్టులు అడ్డదిడ్డంగా కొంచెం కొంచెం వదులు చేయండి. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి అందులో గుచ్చుకుంటూ పోండి, వాటి పొడవులు ఒకేలా ఉండవు. గాస్కెట్, కవర్‌ని సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు జాగ్రత్త. పుల్లీ నట్టు విప్పడానికి మాత్రం పుల్లీ తిరగకుండా పట్టుకునే హోల్డర్ టూల్ కావాలి. అది లేకుండా ఆ నట్టు జోలికి వెళ్లొద్దు.

టూల్‌కిట్_అక్క

విప్పినప్పుడు ముందుగా ఒక పని చేయండి. పుల్లీ కదలని ముఖం, అంటే బయటికి ఫ్యాన్ రెక్కలున్నది, దాని లోపలివైపు బెల్టు తాకే చోట మార్కర్ పెన్నుతో మధ్య నుంచి అంచు దాకా ఒక గీత గీయండి. నాలుగు గీతలు గీస్తే ఇంకా మంచిది. కవర్ మూసి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ ఎక్స్‌లేటర్‌లో ఒకసారి వెళ్లిరండి. తర్వాత విప్పి చూస్తే బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకే గీత చెరిగి ఉంటుంది. అంచుకు దగ్గర దాకా చెరిగితే ముందు పుల్లీ పని పూర్తిగా చేస్తోంది, వేగం రాకపోవడానికి కారణం ఇంజన్ వైపు వెతకాలి. బాగా ముందే ఆగిపోతే బెల్టు సన్నబడిందనో, రోలర్లు, జరిగే ముఖం మధ్యలో ఉండే బుష్ ఎక్కడో ఇరుక్కుంటున్నాయనో అర్థం. పెన్ను ఖర్చుతో అయ్యే టెస్టు, దీన్ని మించింది నేను చూడలేదు.

పాత_కైనెటిక్
ఉండేది: జయనగర్. సొంతూరు: గుంటూరు

బాబూ, ఒక్క జాగ్రత్త చెప్పాలని రాస్తున్నాను. కవర్ తీయగానే లోపల నల్లటి పొడి కనిపిస్తుంది, బెల్టు రబ్బరు, క్లచ్ షూల పొడి. దాన్ని నోటితో ఊదొద్దు, ఎయిర్ గొట్టం పెట్టి ఇంట్లో ఎగరగొట్టొద్దు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఇంకోటి. హోల్డర్ టూల్ లేదని ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నట్టు తిప్పేవాళ్లను చాలామందిని చూశాను. ఆ రెక్కలు అల్యూమినియంవి, పుటుక్కున విరుగుతాయి. ఒక రెక్క పోతే గాలి తగ్గుతుంది, పుల్లీ బ్యాలెన్సు పోతుంది. ఆ గాలే బెల్టుని చల్లబరిచేది. వేడి ఎక్కువైతే బెల్టు ఆయుష్షు సగానికి పడిపోతుంది.

1980లలో మన దేశంలో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు గేర్లు లేని స్కూటర్‌ని వీధి మెకానిక్కులు వింతగా చూసేవాళ్లు. చేతికి క్లచ్ లేదు, గేరు లేదు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఈ పద్ధతి మాత్రం అప్పటికే కొత్తది కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన డాఫ్ కంపెనీ 1958లోనే కార్లలో రబ్బరు బెల్టులతో ఇలాంటిదే పెట్టింది. సూత్రం ఈనాటికీ అదే, బెల్టు రబ్బరు, లోపలి దారాలు మాత్రం ఎంతో మెరుగుపడ్డాయి.

సిల్క్‌బోర్డ్_రోజూ
ఉండేది: హెచ్ఎస్ఆర్ లేఅవుట్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. వాన పడితే మా దగ్గర రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. పోయిన వానకు నీళ్లలోంచి వచ్చాక ఇంజన్ నడుస్తోంది గానీ బండి అసలు కదల్లేదు. కాసేపటికి దానంతట అదే బాగయింది. అది కూడా బెల్టేనా?

బనశంకరి_స్పానర్

అవును. ఆ కవర్‌కి చల్లగాలి తీసుకునే దారి ఉంటుంది. నీటి మట్టం దాని దాకా వస్తే లోపలికి నీళ్లు వెళ్లి బెల్టు తడుస్తుంది, తడిసిన బెల్టు పుల్లీ మీద జారుతుంది, క్లచ్ కూడా జారుతుంది. ఆ స్థితిలో ఫుల్ రేజ్ ఇచ్చి లాగితే బెల్టు ఒకే చోట కాలిపోయి పక్కలు గాజులా నున్నగా అవుతాయి. చాలా బండ్లలో కవర్ కింద డ్రెయిన్ ఉంటుంది, నీళ్లు వదిలేయండి. వీలైతే కవర్ విప్పి ఆరబెట్టి, పుల్లీ ముఖాలు తుడిచి మళ్లీ వేయండి. గేర్ ఆయిల్ కూడా చూడండి. పాలలా తెల్లగా మారి ఉంటే అందులోకి కూడా నీళ్లు వెళ్లాయి, వెంటనే మార్చాలి.

మామూలు ధూళి సంగతి కూడా చెబుతాను. అవుటర్ రింగ్ రోడ్డులో మెట్రో పనుల పక్కన రోజూ తిరిగే బండ్లు నా దగ్గరికి వస్తాయి. ఆ గాలి దారిలో ఫోమ్ ఉన్న మోడల్ అయితే అది దుమ్ముతో గట్టిపడి ఉంటుంది. సర్వీసులో దాన్ని ఎవరూ తీసి చూడరు, అడిగి మరీ శుభ్రం చేయించండి.

మారతహళ్లి_అనంత

ఆదివారం విప్పాం. ఫొటోలు పెట్టాను, చూడండి. నాకు కనిపించింది రాస్తాను.

మార్కర్ గీత అంచుకు చాలా కిందే ఆగిపోయింది. ఫుల్ ఎక్స్‌లేటర్ ఇచ్చినా అంతే.

హోల్డర్ టూల్ అద్దెకు దొరికింది, పుల్లీ కూడా తీశాం. బెల్టు మీద ఒరిజినల్ ముద్ర లేదు, ఏదో వేరే పేరు ఉంది. పగుళ్లు లేవు, పక్కలు మాత్రం నున్నగా మెరుస్తున్నాయి. వర్నియర్ కాలిపర్‌తో వెడల్పు కొలిస్తే మాన్యువల్‌లో ఇచ్చిన కనీస లిమిట్ కన్నా అర మిల్లీమీటరు తక్కువ. రోలర్లు ఆరింటిలో నాలుగు ఒకవైపు చదునుగా అరిగాయి.

అన్నిటికన్నా ఆశ్చర్యం, రోలర్ల వెనక ఉండే పళ్లెంలా ఉన్న ప్లేటుకి మూడు మూలలా ప్లాస్టిక్ ముక్కలు ఉండాలి కదా, రెండే ఉన్నాయి. మూడోది కవర్ లోపల ఎక్కడా లేదు.

క్లచ్ బెల్ లోపల అక్కడక్కడ నీలంగా మచ్చలు. షూలు ఇంకా మందంగానే ఉన్నాయి గానీ అద్దంలా మెరుస్తున్నాయి.

టూల్‌కిట్_అక్క

ఫొటోలు చూశాను. మీ మూడు సమస్యలకీ మూడు జవాబులు దొరికాయి.

ఆ మూడో ముక్క, స్లయిడర్, పోయిన పర్యాయం బెల్టు మార్చినప్పుడే జారి కింద పడి ఉంటుంది. అది క్లిప్పులా ప్లేటు మూలకు తగిలించి ఉంటుంది, బలంగా బిగించి ఉండదు. పుల్లీని అడ్డంగా పట్టుకుంటే రాలిపోతుంది. అది లేకపోతే ప్లేటు ఒకవైపు ఆడుతుంది, అదే మీకు వినిపించిన టకటక. రేజ్ చేస్తే రోలర్లు విసురుకుని ప్లేటుని బిగపట్టేస్తాయి కాబట్టి చప్పుడు ఆగిపోతుంది. ప్లేటు వంకరగా ఆడటం వల్లే రోలర్లు కూడా ఇంత త్వరగా చదునయ్యాయని నా అనుమానం. ఆ ప్లేటు, దాన్ని ఆడించిన గాడి అంచులు కూడా అరిగాయేమో గోరు పెట్టి చూడండి. మెట్టులా తగిలితే అవి కూడా మార్చాలి, నున్నగా ఉంటే మూడు స్లయిడర్లూ కొత్తవి వేస్తే చాలు.

బెల్టు సంగతి. మిల్లీమీటరులో సగమే కదా అనుకోవద్దు. చాలా స్కూటర్ల బెల్టుకి కొత్తదానికీ లిమిట్‌కీ మధ్య తేడా ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే. పుల్లీ ముఖాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బెల్టు కొంచెం సన్నబడితే చాలా కిందికి దిగి కూర్చుంటుంది. ముందు పుల్లీలో అంచు దాకా ఎక్కలేదు, టాప్ స్పీడు పోయింది. వెనక పుల్లీలో కూడా మొదట ఉండాల్సినంత పైన ఉండదు, అందుకే ఎత్తు మీద పికప్ కూడా పోయింది. రెండు చివర్లా నష్టమే. చదునైన రోలర్లు దానికి తోడయ్యాయి, అవి దొర్లకుండా ఒకే చోట ఇరుక్కుంటాయి.

చాలా 110, 125 బండ్లకు బెల్టు 20 వేల నుంచి 25 వేల కిలోమీటర్ల మధ్య మార్చమని మాన్యువల్ చెబుతుంది. మీది ఏడు వేలకే లిమిట్ దాటింది. బెల్టు నాసిరకం కావడం ఒకటి, వేడి ఒకటి.

నల్లగొండ_రైడర్

అక్కా, వివరంగా చెప్పావు. ముందు ఉన్నది బాగు చేయించి, తర్వాతే రోలర్ల గురించి ఆలోచించాలి, ఒప్పుకుంటున్నా. క్లచ్ సంగతి చెప్పండి మరి. షూలు మందంగానే ఉన్నాయి కదా, ఎమెరీ పేపర్‌తో రుద్దితే సరిపోదా? మా దగ్గర అందరూ అదే చేస్తారు.

బనశంకరి_స్పానర్

రుద్దడం వల్ల కొన్నాళ్లు నడుస్తుంది, నేనూ చేసిస్తాను. షూల మీద గాజు పొర పైపైనే ఉంటే గరుకు పేపరుతో ఒకే దిశలో తేలిగ్గా రుద్ది, బెల్ లోపల కూడా అలాగే చేసి, బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే వణుకు పోతుంది. ఇక్కడ అడ్డంకి బెల్ మీది నీలం మచ్చలు. ఇనుము ఆ రంగుకి వచ్చిందంటే బాగా వేడెక్కింది. వేడికి బెల్ గుండ్రం తప్పి ఉంటే ఎంత రుద్దినా వణుకు తిరిగొస్తుంది. వర్నియర్‌తో బెల్ లోపలి వ్యాసాన్ని మూడు, నాలుగు చోట్ల కొలవండి. అన్నిచోట్లా ఒకేలా ఉండి లిమిట్ లోపల ఉంటే రుద్దండి, తేడా వస్తే బెల్ మార్చండి.

పాత_కైనెటిక్

నాకు రుద్దడం మీద అంత నమ్మకం లేదు. ఒకసారి బాగా వేడెక్కి గట్టిపడిన షూ లోపల దాకా గట్టిపడుతుంది, పైన గీకితే ఒక వాన వెలిసేలోపు మళ్లీ మెరుస్తుంది. మొగిలి ఘాట్ లాంటి చోటికి కుటుంబంతో వెళ్లే బండికి కొత్త షూలు వేయించడమే మేలని నా అభిప్రాయం.

ఇంతకీ క్లచ్ అంత వేడెక్కడానికి కారణం కూడా ఆలోచించాలి. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగినప్పుడు చాలామంది బ్రేకు పట్టరు. బండి వెనక్కి జారకుండా ఎక్స్‌లేటర్ కొద్దిగా ఇచ్చి నిలబెడతారు. అప్పుడు షూలు పట్టీ పట్టనట్టు బెల్‌ని రాసుకుంటూనే ఉంటాయి. ఆ నిమిషంలో పుట్టే వేడి మామూలు ప్రయాణంలో పుట్టదు. బ్రేకు పట్టుకునే రేజ్ ఇవ్వడం కూడా అంతే. ఆగినప్పుడు బ్రేకుతో ఆపండి, కదిలేటప్పుడు బ్రేకు పూర్తిగా వదిలి రేజ్ ఇవ్వండి.

మారతహళ్లి_అనంత

బెల్ కొలిచాం, ఒక చోట తేడా స్పష్టంగా ఉంది. కాబట్టి బెల్, షూలు, బెల్టు, రోలర్లు, మూడు స్లయిడర్లు కొత్తవి తీసుకుంటాను. పుల్లీ ముఖాలు, ప్లేటు గాడులు నున్నగానే ఉన్నాయి, గోరుకి ఏమీ తగల్లేదు. వెనక పుల్లీ స్ప్రింగు పొడవు మాన్యువల్ ప్రకారం సరిగ్గానే ఉంది. జేసీ రోడ్డులో స్పేర్ షాపులకు వెళ్లి ఒరిజినల్ బెల్టు తెస్తాను. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి? పోయినసారి జరిగినట్టు మళ్లీ ఏదో ఒకటి రాలిపోకూడదు.

బనశంకరి_స్పానర్

ఇది కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే పెద్ద నష్టాలన్నీ బిగింపు దగ్గరవే.

ముందు శుభ్రం. పుల్లీ ముఖాలను డీజిల్‌తో గానీ కిరోసిన్‌తో గానీ కడిగి అలాగే వదిలేయొద్దు, సన్నటి నూనె పొర మిగిలిపోతుంది. చివర్లో బ్రేక్ క్లీనర్‌తో, శుభ్రమైన గుడ్డతో తుడవండి. బెల్టుకి చేతి గ్రీజు కూడా అంటకూడదు. బెల్టు మీద ఏ స్ప్రే కొట్టొద్దు.

రోలర్ల దగ్గర గ్రీజు పెట్టొద్దు. కొన్ని మోడళ్లకు మాన్యువలే పెట్టమంటుంది, అవి వేరు. మీ బండి రోలర్లు పొడిగా నడిచేవి. గ్రీజు పెడితే అది కరిగి బెల్టు మీద పడుతుంది. రోలర్‌కి ఒకవైపు మూసి ఉంటుంది, ఒకవైపు లోహం కనిపిస్తుంది. ఆరూ ఒకే దిశలో, మాన్యువల్ బొమ్మలో ఉన్నట్టే పెట్టండి. గ్రీజు కావాల్సిన చోటు వెనక ఉంది, వెనక పుల్లీ తెరుచుకునే ఏటవాలు గాడుల్లోని పిన్నులకు. అక్కడ ఎండిపోతే బండి ఆగాక పుల్లీ వెంటనే మూసుకోదు, సిగ్నల్ దగ్గర ఆగి వెంటనే కదిలితే మందకొడిగా లాగుతుంది. వేడికి కరగని గ్రీజు, అదీ చెప్పినంతే. ఎక్కువైతే క్లచ్ మీద చిమ్ముతుంది.

ప్లేటుని, స్లయిడర్లను పెట్టాక పుల్లీని రెండు చేతులతో నొక్కి పట్టుకునే షాఫ్టు మీదికి ఎక్కించండి. ఎక్కించేటప్పుడు ప్లేటు కొంచెం దూరమైనా ఒక రోలర్ తన గాడిలోంచి జారి అడ్డం పడుతుంది. బయటికి కనబడదు. మీ స్లయిడర్ పోయింది కూడా ఇక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. బెల్టు వేశాక వెనక పుల్లీ రెండు ముఖాలను చేతులతో బలంగా విడదీసి బెల్టుని అక్కడ లోపలికి దించండి. అప్పుడు ముందువైపు బెల్టు వదులుగా వస్తుంది. అలా వదులుగా ఉండగానే ముందు పుల్లీ బయటి ముఖం పెట్టి, అది మధ్య బుష్‌కి పూర్తిగా ఆనిందో లేదో చూసుకుని నట్టు బిగించాలి. ఈ పని చేయకుండా బెల్టు బిగుతుగా ఉండగానే నట్టు వేస్తే, బెల్టు రెండు ముఖాల మధ్య ఇరుక్కుంటుంది. నట్టు బిగిసిందనే అనిపిస్తుంది, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ కూడా క్లిక్ అంటుంది. నిజానికి బిగిసింది బెల్టు రబ్బరు మీద. బండి స్టార్ట్ చేయగానే బెల్టు జరుగుతుంది, నట్టు వదులవుతుంది, బయటి ముఖం షాఫ్టు పళ్ల మీద ఆడుతుంది. కొంత దూరం వెళ్లేసరికి ఆ ముఖం పళ్లు అరిగిపోతాయి, ఇంకా నడిపితే ఇంజన్ లోంచి వచ్చే ఆ షాఫ్టు, అంటే క్రాంక్‌షాఫ్టు, పళ్లే పోతాయి. క్రాంక్ మార్చాలంటే ఇంజన్ విప్పాలి. బెల్టు మార్పించిన కొద్ది రోజులకే ఎడమవైపు నుంచి గరగర మొదలైతే ముందు ఇదే అనుమానించాలి, బండి నడపకుండా ఆపేయాలి.

నట్టు బిగించాక ఇంజన్ స్టార్ట్ చేయకముందే ముందు పుల్లీని చేత్తో కొన్ని చుట్లు తిప్పండి. బెల్టు మెల్లగా పైకి వచ్చి తన చోట కూర్చుంటుంది. నట్టు బిగింపు లెక్క మాన్యువల్‌లో ఉన్నంతే, ఎయిర్ గన్‌తో అంచనాగా కొట్టించొద్దు.

బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిశలో ఉండాలి.

ఈవీ_కడప
ఉండేది: ఎలక్ట్రానిక్ సిటీ

మా ఎలక్ట్రిక్ స్కూటర్‌కి కూడా వెనక బెల్టే ఉంది. ఇవన్నీ దానికీ వర్తిస్తాయా?

టూల్‌కిట్_అక్క

వర్తించవు. మీ బండి బెల్టుకి ఉన్న పళ్లు పుల్లీ పళ్లలో కూర్చుంటాయి, జారడం అనేది దాని పని కాదు. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి లాగు ఇస్తుంది కాబట్టి వేరియేటర్ గానీ క్లచ్ గానీ అక్కర్లేదు. మీరు చూసుకోవాల్సింది బెల్టు బిగుతు, పళ్ల మధ్య ఇసుక, పుల్లీల వరస. వేరే థ్రెడ్ పెట్టండి, నేనూ చదువుతాను.

మారతహళ్లి_అనంత

అయిపోయింది. స్పానర్ అన్న చెప్పిన వరసలోనే బిగించాం, వెనక పుల్లీ విడదీయడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఖర్చు షాపువాడు చెప్పిన సెట్ ధరలో సగం లోపే.

వణుకు పూర్తిగా పోయింది, డబల్స్‌లో కూడా. ఐడ్లింగ్‌లో చప్పుడు లేదు. మళ్లీ మార్కర్ గీత గీసి చూశాను, అంచుకు కొద్దిగా కింద దాకా చెరిగింది. దేవనహళ్లి వైపు ఖాళీ రోడ్డు మీద 75 వచ్చింది, ఇంజన్ కూడా అరవడం లేదు. హెబ్బాళ ఎత్తు మా ఆవిడతో కలిసి ఎక్కాను, ఆమే "బండి మార్చారా" అంది.

ఒక్క అనుమానం. మొదటి రోజు కదిలేటప్పుడు సన్నగా కీచుమని శబ్దం వచ్చింది, ఇప్పుడు చాలా తగ్గింది. పట్టించుకోవాలా?

బనశంకరి_స్పానర్

కొత్త షూలు కొత్త బెల్‌కి ఒరుసుకుని కుదురుకునేదాకా అలా వస్తుంది. మొదటి రెండు, మూడు వందల కిలోమీటర్లు సిగ్నల్ దగ్గర ఒక్కసారిగా ఫుల్ రేజ్ ఇవ్వకుండా నెమ్మదిగా కదిలించండి. ఆ తర్వాత కూడా కీచుమంటే గానీ, తడి రోజున కాకుండా పొడి రోజున వస్తుంటే గానీ తీసుకురండి, ఫీజు లేకుండా చూస్తాను. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి కవర్ విప్పి ముందు నట్టు బిగుతు చెక్ చేయండి. అప్పుడే బెల్టు వెడల్పు కొలిచి, తేదీ, కిలోమీటర్లతో సహా ఇక్కడ పెట్టండి. ఒరిజినల్ బెల్టు మన బెంగళూరు ట్రాఫిక్‌లో ఎంత వేగంగా అరుగుతుందో మిగతావాళ్లకి కూడా తెలుస్తుంది.

మారతహళ్లి_అనంత

తప్పకుండా పెడతాను అన్నా. కొత్త బెల్టు వెడల్పు వేసేముందే కొలిచి రాసిపెట్టుకున్నాను. హోల్డర్ టూల్ ఒకటి సొంతంగా కొన్నాను, మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఎవరికైనా కావాలంటే మెసేజ్ చేయండి.